కొండమేకకు ఎంత తుపాకీ?

మన దేశపు హిమాలయాల్లో దాన్ని కొడితే జైలు. న్యూజిలాండ్‌లో అదే జంతువును కొట్టడానికి ప్రభుత్వమే పర్మిట్ ఇస్తుంది, అదీ ఉచితంగా! ఆ కొండమేక కోసం ఓ తెలుగు ఇంజినీరు రైఫిల్ ఎంచుకోవడానికి వెళ్తే వెంట నేనూ వెళ్లా. తుపాకీ గురించి తెలుసుకుందామని వెళ్లినవాణ్ని, ఎప్పుడు పేల్చకూడదో తెలుసుకుని వచ్చా.

'ఏ తుపాకీ కావాలి?' అని అడగలేదు ఆ ముసలాయన. 'పోయినసారి ఏమైంది?' అని అడిగాడు.

అన్నయ్య తల వంచుకున్నాడు. బయట సన్నగా వాన. క్రైస్ట్‌చర్చ్ శివార్లలో ఓ ఇంటి గ్యారేజీ అది. గోడకు తాళ్లు, మంచుగొడ్డళ్లు, పాత బూట్లు వేలాడుతున్నాయి. టీ కప్పులు పొగలు కక్కుతున్నాయి. మా పెద్దమ్మ కొడుకును అంత చిన్నబోయిన మొహంతో చూడటం నాకదే మొదటిసారి.

2011లో వచ్చిన భూకంపానికి క్రైస్ట్‌చర్చ్ సగం కూలిపోయింది. దాన్ని తిరిగి కట్టే పనుల కోసం వెళ్లిన సివిల్ ఇంజినీర్లలో అన్నయ్య ఒకడు. అక్కడే ఉండిపోయాడు. తోటి ఉద్యోగులు శని, ఆదివారాలు కొండలెక్కుతుంటే వెంట వెళ్లేవాడు. తర్వాత తుపాకీ లైసెన్సు తీసుకున్నాడు. దుకాణంలో ఉన్నవాటిలో బాగా శక్తిమంతమైనది కొన్నాడు. పేరు 300 విన్‌చెస్టర్ మాగ్నం. నాలుగు వందల మీటర్ల దూరాన కనిపించిన పోతును కొట్టాడు. బుల్లెట్ తగిలింది... కానీ తగలాల్సిన చోట కాదు. అది కుంటుకుంటూ కొండచరియల్లోకి పోయింది. రెండు రోజులు వెతికారు. దొరకలేదు.

"నొప్పితో ఎంతసేపు ఉందో..." అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత ఏడాదిపాటు తుపాకీ ఇనప్పెట్టె తెరవలేదట.

ముసలాయన టీ తాగడం పూర్తిచేశాడు. డెబ్బై దాటిన మనిషి. కుర్రతనంలో హెలికాప్టర్ల మీంచి ఈ మేకల్ని కొట్టే పని చేశాడు. తర్వాత వేటగాళ్లకు దారి చూపించే గైడయ్యాడు. "ముందు ఆ మేకెవరో తెలుసుకో. తుపాకీ సంగతి తర్వాత" అన్నాడు.

ఓడెక్కి వచ్చిన హిమాలయం

ఆ మేక పేరు హిమాలయన్ టార్. నేపాలీలు ఝారల్ అంటారు. హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం, నేపాల్, టిబెట్ కొండల్లో ఉంటుంది. నీలగిరి కొండల్లో మనం చూసే వరయాడు దీనికి దూరపు చుట్టం. పోతుకు మెడ చుట్టూ సింహానికున్నట్టు జూలు ఉంటుంది. చలికాలం వస్తే ఆ జూలు నేలదాకా జీరాడుతుందా అన్నంత పెరుగుతుంది.

న్యూజిలాండ్ గడ్డ మీద గబ్బిలాలు తప్ప సొంత క్షీరదాలే లేవు. ఆ దేశానికి వలస వెళ్లిన తెల్లవాళ్లకు అది పెద్ద లోటుగా తోచింది. వేటాడటానికి ఏమీ లేదాయె! జింకల్ని ఓడల్లో తెప్పించుకున్నారు. 1904లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్ డ్యూక్ తన వోబర్న్ ఎస్టేట్ నుంచి కొన్ని టార్లను బహుమతిగా పంపాడు. వాటిని దేశంలోనే ఎత్తయిన మౌంట్ కుక్ శిఖరం దగ్గర వదిలారు. 1907లో ఆస్ట్రియా చక్రవర్తి షామీ అనే మరో కొండమేకను పంపాడు.

హిమాలయాల్లో టార్‌ను మంచు చిరుతలు వేటాడతాయి. ఇక్కడ ఆ భయం లేదు. మేత పుష్కలం. మేక పెరిగింది... కొండ తరిగింది. మంచు కొండల్లో పెరిగే పొడవాటి టస్సక్ గడ్డి, మౌంట్ కుక్ లిల్లీ అని ముద్దుగా పిలుచుకునే తెల్లపూల మొక్క దాని పళ్లకింద నలిగిపోయాయి. 1930లో దానికున్న రక్షణ తీసేశారు. 1937 నుంచి ప్రభుత్వం జీతమిచ్చి మరీ కొట్టించింది. అప్పట్లో ఆ జీతగాళ్ల భుజాన ఉన్నది త్రీ నాట్ త్రీ రైఫిలే. మన పోలీసుల చేతిలో దశాబ్దాలపాటు చూసిన అదే త్రీ నాట్ త్రీ!

1970ల్లో హెలికాప్టర్ల వేట మొదలయ్యాక టార్లు దాదాపు తుడిచిపెట్టుకుపోయే స్థితికొచ్చాయి. దాంతో 1983లో ఆ వ్యాపారాన్ని ఆపారు. మళ్లీ పెరిగాయి. మొత్తం పదివేలు మించకూడదని 1993లో ఓ ప్రణాళిక రాసుకున్నారు. 2019లో లెక్క తేల్చితే ప్రభుత్వ భూముల్లోనే దాదాపు 34,500 ఉన్నట్టు అంచనాకొచ్చారు. ఎక్కువగా ఏరేస్తామని అధికారులు, పోతుల్ని మాకు వదిలేయండని వేటగాళ్లు. 2020లో గొడవ హైకోర్టుకెక్కింది. వేటగాళ్లతో మరోసారి సంప్రదించమని కోర్టు అధికారులకు చెప్పింది.

మన దేశంలో సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు ఇది. 1991 సవరణతో సరదా వేటకు మనదగ్గర పూర్తిగా తలుపులు మూసుకుపోయాయి. ప్రపంచ జాబితాలో టార్ 'ముప్పుకు దగ్గరలో ఉన్న' జీవి. పుట్టింట్లో కొరత, అత్తింట్లో బరువు... అదీ దాని బతుకు.

తులం బుల్లెట్

మర్నాడు షూటింగ్ రేంజికి వెళ్లాం. అన్నయ్య తన మాగ్నం తెచ్చాడు. ముసలాయన దాన్ని చేత్తో ఎత్తి చూసి, "స్కోపు, కాళ్లు కలిపి అయిదు కిలోలకు దగ్గర. దీన్ని మోసుకుని వెయ్యి మీటర్లు ఎక్కావా?" అన్నాడు.

ఇక్కడ పాఠకులకు రెండు ముక్కలు చెప్పాలి. తూటా వేరు, బుల్లెట్ వేరు. తూటా అంటే ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున నిప్పు రాజేసే టోపీ, మూతిన బుల్లెట్... మొత్తం కలిపి. ఎగిరి వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. అన్నయ్య వాడిన బుల్లెట్ 180 గ్రెయిన్లు. అంటే పాత లెక్కలో సరిగ్గా ఒక తులం! అది సెకనుకు 900 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. అంత బరువును అంత వేగంగా ముందుకు నెట్టినప్పుడు అదే తాకిడి వెనక్కి, భుజం మీద పడుతుంది.

ముసలాయన తూటాలు తనే నింపి ఇచ్చాడు. అన్నయ్య రెండు పేల్చాడు. చెవులకు రక్షణ పెట్టుకున్నా నా గుండె అదిరింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కాడు. 'టిక్' మంది. పేలలేదు. పేలకపోయినా అన్నయ్య భుజం వెనక్కి జంకింది. కళ్లు మూసుకుపోయాయి. గొట్టం కొస ఓ అంగుళం కిందికి వంగింది.

మూడోది ఉత్త తూటా. మందు లేనిది. కావాలనే పెట్టాడు.

"చూశావా? నీ తుపాకీలో ఏ లోపమూ లేదు. ఆ పోతును గాయపరిచింది ఈ జంకు. దెబ్బకు భయపడి, పేలకముందే నీ ఒళ్లు పక్కకు తప్పుకుంటోంది. ఇక్కడ అంగుళం వంగితే నాలుగు వందల మీటర్ల అవతల ఎక్కడికి పోతుందో నువ్వే లెక్కేసుకో... ఇంజినీరువి కదా!"

అన్నయ్య ఏం మాట్లాడలేదు. ఇత్తడి గొట్టాలు ఏరుకుంటూ చాలాసేపు నేల మీదే కూర్చున్నాడు.

ఏది చాలు?

మాగ్నం చెడ్డదా అంటే కాదు. అలాస్కా ఎలుగుబంటికో, పెద్ద ఎల్క్‌కో అది సరైనదే. ప్రశ్నల్లా ఒక్కటే... ఈ జంతువుకు, ఈ దూరానికి, ఈ భుజానికి ఎంత చాలు? పోతు టార్ వంద కిలోల దాకా తూగుతుంది. ఆడది ముప్పై అయిదు, నలభై కిలోలు. షామీ కూడా ఇంచుమించు అంతే.

ముసలాయన బల్ల మీద ఐదారు తూటాలు వరసగా నిలబెట్టాడు. బడిపిల్లల్లా పొట్టివీ పొడుగువీ.

మొదటిది 243 విన్‌చెస్టర్. భుజాన్ని నొప్పించదు. ఆడవాటికి, షామీకి గురి కుదిరితే సరిపోతుంది. పెద్ద పోతు విషయంలో మాత్రం పొరపాటుకు చోటివ్వదు. తర్వాత 6.5 క్రీడ్‌మూర్. 2007లో వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే బుల్లెట్ గాలిని బాగా చీల్చుకుంటూ పోతుంది. మూడోది 270 విన్‌చెస్టర్. 1925 నాటిది. వందేళ్ల వయసొచ్చినా కొండ వేటగాళ్ల అభిమానం చెక్కుచెదరలేదు. నాలుగోది 308 విన్‌చెస్టర్. 1952లో వచ్చింది. ఏ ఊళ్లోనైనా తూటాలు దొరుకుతాయి. పరాయి దేశంలో సూట్‌కేసు తప్పిపోయినప్పుడు ఈ గుణం విలువ తెలుస్తుంది. ఐదోది 7 ఎంఎం-08. 308 గొట్టం మెడనే కాస్త నొక్కి 7 మిల్లీమీటర్ల బుల్లెట్‌కు సరిపడేలా చేస్తే అదే ఇది. 140 గ్రెయిన్ల బుల్లెట్... అంటే ముప్పాతిక తులం పైచిలుకు. సెకనుకు 850 మీటర్ల వేగం. మాగ్నంతో పోలిస్తే భుజానికి తగిలే దెబ్బ సగానికి దగ్గర.

కుమావూ కొండల్లో మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్‌కు 1907లో చంపావత్ పులిని కొట్టినందుకు బహుమతిగా వచ్చిన రైఫిల్ 275 రిగ్బీ. దాని బుల్లెట్ కూడా ఈ 7 మిల్లీమీటర్ల కొలతే. పెద్ద పులికే సరిపోయింది, మేకకు సరిపోదా!

"కార్బెట్ అంత గురి నాకు లేదు కదా" అన్నాడు అన్నయ్య.

"అందుకే ఇది తీసుకో. దీంతో రోజూ పాతిక పేల్చినా భుజం వాయదు. సాధన చేస్తావు. సాధన చేస్తే గురి వస్తుంది. మాగ్నం కొన్నాక మొత్తం ఎన్ని పేల్చావు?"

"ముప్పై... నలభై ఉంటాయేమో."

ముసలాయన ఇంకేమీ అనలేదు.

బుల్లెట్ తీరు కూడా ముఖ్యమే. సైన్యం వాడే గట్టి తొడుగు బుల్లెట్ వేటకు పనికిరాదు. అది జంతువులోంచి సూదిలా దూసుకుపోతుంది. జంతువు పరిగెత్తి ఎక్కడో చస్తుంది. వేట బుల్లెట్ లోపలికి వెళ్లగానే పుట్టగొడుగులా విచ్చుకోవాలి, ముక్కలు కాకూడదు. అన్నయ్య సీసం లేని రాగి బుల్లెట్లు ఎంచుకున్నాడు. దానికో కారణముంది. ఆ కొండల్లో కియా అనే ఆకుపచ్చ చిలుక ఉంటుంది. మంచు కొండల్లో బతికే అల్లరి పక్షి. కారు అద్దాల రబ్బర్లు పీకుతుంది, సంచుల జిప్పులు తీస్తుంది. కళేబరాల మీదా వాలుతుంది. పాత ఇళ్ల కప్పులకు కొట్టిన సీసం మేకుల్ని కొరికి ఎన్నో కియాలు విషానికి గురయ్యాయి. వేటగాళ్లు కొండమీద వదిలే పేగుల్లో కూడా సీసం ఉండకపోతే మంచిదని ఇప్పుడు చాలామంది రాగికి మారుతున్నారు.

ఇక రైఫిల్. బోల్టు లాగి ఒక్కొక్క తూటా ఎక్కించే రకం. 2019 మార్చిలో ఇదే క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో జరిగిన మారణకాండ తర్వాత సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను చాలావరకు నిషేధించారు. కొండవేటకు వాటితో పనీ లేదు. స్టెయిన్‌లెస్ గొట్టం, ప్లాస్టిక్ కట్ట ఉన్న ఫిన్లాండ్ రైఫిల్ టిక్కా తీసుకున్నాడు అన్నయ్య. చెక్క కట్ట చూడ్డానికి అందమే. కానీ వానకు, మంచుకు ఉబ్బితే గురి మారిపోతుంది. స్కోపుతో కలిపి మూడున్నర కిలోలు. మాగ్నంను అమ్మకానికి పెట్టాడు.

జానెడు, మూరన్నర

తర్వాత నాలుగు వారాలు ప్రతి శనివారం రేంజిలోనే. నేను మధ్యలో సెలవు మీద వెళ్లినవాణ్ని కాబట్టి చివరి రెండు వారాలు చూశా. 20 సెంటీమీటర్ల కాగితం పళ్లెం... మన టిఫిన్ ప్లేటంత. జంతువు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఇంచుమించు అంతే ఉంటుందట. కొండ మీద బల్లలుండవు కాబట్టి పడుకుని, సంచి మీద ఆనించి, ఎగశ్వాస తీసుకుంటూ పేల్చడం సాధన. ముసలాయన అన్నయ్యను ముందు పరిగెత్తించి తర్వాత పేల్చమనేవాడు.

బుల్లెట్ తిన్నగా పోదు. తుపాకీ గొట్టం వదిలిన క్షణం నుంచే భూమి లాగుతూ ఉంటుంది. 200 మీటర్లకు గురి సరిచేస్తే 300 దగ్గర జానెడు కిందికి పోతుంది. 400 దగ్గర మూరన్నర! పక్కగాలి గంటకు 16 కిలోమీటర్ల వేగంతో వీచినా 300 మీటర్ల దగ్గర అరజానెడుకు పైనే పక్కకు తోసేస్తుంది. పళ్లెం సైజు గుర్తుందిగా... అంతే, గురి తప్పినట్టే.

కొండలో ఇంకో చిక్కు. వాలులో పైకి కొట్టినా, కిందికి కొట్టినా బుల్లెట్ అనుకున్నదానికంటే ఎత్తుగా తగులుతుంది. కిందికి కొడితే కిందికే పోవాలి కదా అనుకుంటాం. కానీ భూమి లాగేది అడ్డంగా ఉన్న దూరాన్ని బట్టే. వాలు వెంట 300 మీటర్లుండి, వాలు 30 డిగ్రీలైతే అడ్డదూరం 260 మీటర్లే. 45 డిగ్రీలైతే 212. పదో తరగతి కొసైన్ ఇదే. "లెక్కల మాస్టారు ఇలా చెప్పుంటే ఎంత బాగుండేదిరా!" అని నవ్వాడు అన్నయ్య. ఆ నాలుగు వారాల్లో మొదటిసారి నవ్వడం.

చివరి శనివారం 250 మీటర్ల దాకా పదికి పది పళ్లెంలో పడ్డాయి. 300 దగ్గర ఏడు. ముసలాయన పళ్లెం వెనక పెన్నుతో 250 అని రాసిచ్చాడు. "తూటా డబ్బా మీద కంపెనీవాడు ఎంత దూరమైనా రాసుకోనీ. నీ దూరం ఇది."

కృత్తికల కింద

జూన్ నెల. మనకు తొలకరి, వాళ్లకు నడిచలికాలం. క్రైస్ట్‌చర్చ్ నుంచి మూడు గంటలు కారులో వెళ్తే టెకపో సరస్సు. హిమానీనదాలు రాళ్లను పిండిగా నూరి నీళ్లలో కలపడం వల్ల ఆ నీటికి పాలు కలిపిన నీలం రంగు. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటున్నారు. మేం కంకర రోడ్డు పట్టుకుని సరస్సు తలాపుకి, గాడ్లీ నది లోయలోకి వెళ్లాం.

అక్కణ్నుంచి నడక. అరకిలోమీటరు వెడల్పున తెల్లటి గులకరాళ్లు, మధ్యలో పాయలుపాయలుగా మోకాలిలోతు మంచునీళ్లు. ఒక్కో పాయ దాటేసరికి పాదాలు ఉన్నాయో లేదో తెలియలేదు. వేటగాళ్లు, నడిచేవాళ్లు ఆగే రేకుల గుడిసె చేరేసరికి చీకటి పడింది. తెల్లవారుజామున నాలుగింటికి బయటికొచ్చి తలెత్తితే... ఆకాశంలో అన్ని చుక్కలు నేనెప్పుడూ చూడలేదు. ఆ ప్రాంతాన్ని 2012లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా గుర్తించారట. ఇంకాసేపటికి తూర్పున కృత్తికలు పొడిచాయి. మావోరీలు వాటిని మతారికి అంటారు. చలికాలంలో తెల్లవారుజామున అవి మళ్లీ కనిపించడమే వాళ్లకు కొత్త సంవత్సరం. 2022 నుంచి ఆ పండక్కి దేశమంతా సెలవు కూడా.

మొదటి రోజు మధ్యాహ్నం కనిపించింది పోతు. లోయకు అవతలి చరియ మీద, రాతి అంచున. జూలు గాలికి ఎగురుతోంది. బైనాక్యులర్‌లో చూస్తే ఎవరో రాజు సింహాసనం మీద నిలబడ్డట్టే ఉంది. అన్నయ్య పడుకున్నాడు. రైఫిల్ సంచి మీద ఆనించాడు. దూరం కొలిచే యంత్రం 380 అని చూపించింది.

ముసలాయన రెండు ప్రశ్నలే అడిగాడు. "నీ దూరం ఎంత? కొడితే అది ఎక్కడ పడుతుంది?"

పోతు కింద రెండొందల మీటర్ల నిలువు కొండ. గురి కుదిరినా అది అక్కణ్నుంచి దొర్లి ముక్కలవుతుంది. కుదరకపోతే... పోయినేడాది సంగతే. గాలి కూడా ఆగి ఆగి వీస్తోంది. అన్నయ్య వేలు ట్రిగ్గర్ పక్కనే ఉంది. నేను ఊపిరి బిగబట్టా. అర నిమిషం... నిమిషం... ఆ తర్వాత బోల్టు తెరిచిన చప్పుడు వినిపించింది. తూటా తీసి జేబులో వేసుకున్నాడు.

పోతు ఇంకాసేపు అక్కడే నిలబడి, తీరిగ్గా కొండ మలుపు తిరిగింది.

కొమ్ములు లేని వేట

ఆ రాత్రి గుడిసెలో పొయ్యి దగ్గర ముసలాయన ఓ మాట చెప్పాడు. "పోతును కొడితే గోడకు కొమ్ములొస్తాయి. కొండకు ఒరిగేదేమీ లేదు. ఒక పోతు పోతే ఇంకోటి ఉంటుంది. మంద తగ్గాలంటే ఆడవి తగ్గాలి. అందుకే ఆడవాటిని కొట్టమని ప్రభుత్వం వేటగాళ్లను అడుగుతూ ఉంటుంది."

నాకు ఒళ్లు జలదరించింది. మా తాతయ్యకు పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉండేది. వేరుశనగ చేలో అడవిపందుల కోసం. ఆడదాన్ని, పిల్లలున్నదాన్ని కొట్టకూడదన్నది ఆయన నియమం. ఇక్కడ చూస్తే లెక్క తిరగబడింది. ఆ మాటే అన్నాను.

"మీ తాత నియమం సరైనదే" అన్నాడు ముసలాయన. "అది అక్కడి అడవికి. జంతువు మిగలాలని పెట్టుకున్న నియమం. ఇక్కడ మిగలాల్సింది గడ్డి."

రెండోరోజు పొద్దున ఎనిమిదింటికి వెలుతురొచ్చింది. గుడిసెకు గంటన్నర ఎగువన, ఎండ పడిన గడ్డివాలు మీద తొమ్మిది ఆడ టార్లు మేస్తున్నాయి. వెంట పిల్లలున్నవాటిని ముసలాయన ఒక్కొక్కటే చూపించి వద్దన్నాడు. పక్కగా ఒంటరిగా మేస్తున్న ఒకదాని దగ్గర ఆగాడు. దూరం 190. గాలి లేదు. వాలు 20 డిగ్రీలు. కింద మెత్తటి గడ్డి, నడిచి వెళ్లగలిగే చోటు.

అన్నయ్య మూడుసార్లు ఊపిరి వదిలాడు. ఈసారి భుజం జంకలేదు. చప్పుడు లోయలో రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. మేక నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద కూలింది. అంతే.

మేం దగ్గరికి వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి. బూడిద కలిసిన గోధుమరంగు బొచ్చు చేతికి ఇంకా వెచ్చగా తగిలింది. డెక్కల అడుగున రబ్బరులాంటి మెత్తటి భాగం. నిలువు రాతి మీద అది జారకుండా పట్టు ఇచ్చేది అదేనట. అన్నయ్య దాని పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేశాడు. ఎవరూ ఫొటో తియ్యలేదు. నాకు ఏడుపొచ్చిందా అంటే... రాలేదు. సంతోషం మాత్రం లేదు. ఇలాంటి జంతువునే ఉత్తరాఖండ్‌లో దూరంగా చూస్తే చేతులు జోడించేవాణ్నేమో అనిపించింది.

పోతుల సీజన్లో పోతు మాంసం కంపు కొడుతుంది. ఆడదాని మాంసం బాగుంటుంది. తొడలు, వీపు కండలు కోసి మూడు సంచుల్లో సర్దుకున్నాం. నా వంతు పదకొండు కిలోలు. కిందికి దిగుతుంటే మోకాళ్లు వణికాయి. రైఫిల్ మూడున్నర కిలోలే ఎందుకుండాలో అప్పుడు నా భుజాలకు బాగా అర్థమైంది.

"కొమ్ములేవి?" అంది వదిన ఇంటికి రాగానే. "ఏడాదిపాటు డబ్బులు తగలేసి, నెలరోజులు శనివారాలు తగలేసి, ఇంతేనా?" అంటూనే మాంసం మూటలు విప్పింది. ఆ రాత్రి అల్లం, వెల్లుల్లి, ధనియాలు దండిగా వేసి రెండు గంటలు ఉడికించింది. మన కొండగొర్రె కూర లాగే ఉంది. పిల్లలిద్దరూ మారు అడిగారు.

తిరుగు ప్రయాణం ముందు రోజు అన్నయ్యతో కలిసి విమానాశ్రయం దాకా కారులో వెళ్తూ అడిగా, "పోయినేడాది బాధ తగ్గిందా?" అని.

కాసేపు మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు. "ఆ పోతు లెక్క తీరేది కాదురా. దానికి ఇంకోటి కలపకుండా ఉంటే చాలు."

కాగితం పళ్లెం ఇప్పటికీ అన్నయ్య తుపాకీ ఇనప్పెట్టె తలుపు లోపల అతికించి ఉంది. వెనకవైపు బయటికి కనిపించేలా. 250.

వేటకు ముందు...

* న్యూజిలాండ్‌లో ఉండేవాళ్లకు తుపాకీ లైసెన్సు అంత తేలిగ్గా రాదు. భద్రతా శిక్షణ, పరీక్ష ఉంటాయి. ఇంటికొచ్చి తుపాకీ దాచే పెట్టెను చూస్తారు. జీవిత భాగస్వామిని కూడా విడిగా అడుగుతారు. వదినను అలాగే అడిగారట. 2023 నుంచి తుపాకులన్నింటినీ రిజిస్టర్ చేయించాలి.

* బయటి దేశాల నుంచి వెళ్లేవాళ్లు సందర్శకుల లైసెన్సు ముందే తీసుకోవాలి. సొంత తుపాకీ తీసుకెళ్తే దిగుమతి పర్మిట్ కూడా కావాలి. లైసెన్సు లేనివాళ్లు లైసెన్సు ఉన్నవాళ్ల పక్కనే, వాళ్ల పర్యవేక్షణలో మాత్రమే మామూలు రైఫిల్ పేల్చవచ్చు.

* విమానంలో రైఫిల్‌ను ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో లగేజీకి ఇవ్వాలి. తూటాలు మనిషికి అయిదు కిలోలు మించకూడదు. విమాన సంస్థకు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి.

* బూట్లకు, టెంటుకు మట్టి లేకుండా కడుక్కుని వెళ్లాలి. విత్తనాలు, క్రిములు దేశంలోకి రాకుండా విమానాశ్రయంలో బూటు అడుగులు కూడా చూస్తారు. వాడిన బూట్లున్నాయని ఫారంలో రాయకపోతే జరిమానా తప్పదు.

* ప్రభుత్వ సంరక్షణ భూముల్లో వేట పర్మిట్ ఉచితం. ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. చలికాలంలో మంచుచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. ఆ రోజు హెచ్చరిక చూడకుండా లోయలోకి అడుగుపెట్టకూడదు.